టాక్సీ గేమ్‌లో టైమ్ ఎక్కడ పోతోంది?

ఈసారి శీర్షిక మొత్తం ఆన్‌లైన్ టాక్సీ గేమ్‌లకే. విశాఖ పాఠకుల ప్రశ్నలు దాదాపు అన్నీ దీని చుట్టూనే ఉన్నాయి. గేమ్ పేర్లు వేరైనా లోపల జరిగేది ఒకటే: రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషిని ఎక్కించుకోవాలి, గడువులోపు చెప్పిన చోట దింపాలి, బండికి దెబ్బ తగిలితే కిరాయిలో కోత, గడువు దాటితే ఆ బేరం పోయినట్టే. చూసేవాళ్లకి చాలా తేలిగ్గా కనిపిస్తుంది, కూర్చుని ఆడేవాళ్లకే తెలుస్తుంది ఎంత కష్టమో.

ప్రశ్న: మా రూమ్‌లో నలుగురం బ్రౌజర్‌లో టాక్సీ గేమ్ ఆడతాం. మిగతా ముగ్గురి స్కోరు ఎప్పుడూ నాకు డబుల్ ఉంటుంది. నేను యాక్సిలరేటర్ అస్సలు వదలను, దారి చూపించే బాణం ఎటంటే అటే వెళ్తాను, అయినా మూడో కిరాయో నాలుగో కిరాయో అయ్యేసరికి టైమ్ అయిపోతోంది. ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థి, గాజువాక

యాక్సిలరేటర్ వదలనన్నావు చూడు తమ్ముడూ, నీ టైమ్ అక్కడే పోతోంది. ఒకసారి స్క్రీన్ రికార్డింగ్ పెట్టి ఆడి, తర్వాత తీరిగ్గా నీ ఆట నువ్వే చూడు. బండి మెల్లగా వెళ్లినందుకు పోయిన సెకన్లు పెద్దగా ఉండవు. ప్యాసింజర్‌ని దాటిపోయి రివర్స్ రావడం, మలుపు మిస్సయి యూటర్న్ కొట్టడం, గోడకి గుద్దేసి మళ్లీ సున్నా నుంచి స్పీడ్ అందుకోవడం, పోయిందంతా ఈ మూడింట్లోనే కనిపిస్తుంది, ఈ మూడింటికీ మూలం బ్రేక్ ఆలస్యంగా వేయడమే.

స్పీడ్ రెట్టింపైతే బ్రేక్ వేశాక ఆగడానికి పట్టే దూరం నాలుగు రెట్లవుతుంది. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో 10 మీటర్లలో ఆగే బండికి, 80లో 40 మీటర్లు కావాలి. నిజం బండిలా నడిచే సిమ్యులేటర్ తరహా గేమ్‌లు ఈ లెక్కని గట్టిగానే పాటిస్తాయి, సరదాకోసం చేసిన ఆర్కేడ్ తరహావి కొంత సడలిస్తాయి, కానీ ఏ గేమ్‌లోనైనా ఫుల్ స్పీడ్‌లో వచ్చి ప్యాసింజర్ పక్కన టక్కున ఆగడం కుదరదు. కాబట్టి ఈ వారం స్కోరు సంగతి వదిలేసి ఒకే ఒక్క మలుపు పట్టుకో. దానికి ముందు ఒక కరెంటు స్తంభమో, షాపు బోర్డో గుర్తు పెట్టుకుని, సరిగ్గా అక్కడ బ్రేక్ వేసి చూడు. బండి బయటికి జారిపోతే గుర్తుని కొంచెం వెనక్కి జరుపు, మలుపుకి ముందే మరీ స్లో అయిపోతే ముందుకి జరుపు. బ్రేక్ ఎప్పుడూ బండి తిన్నగా ఉండగానే పడాలి. బ్రేకూ స్టీరింగూ ఒకేసారి అడిగితే ముందు టైర్లు రెండు పనులూ చేయలేవు, బండి తిరగాల్సిన చోట తిరగకుండా తిన్నగా పోయి ఫుట్‌పాత్ ఎక్కుతుంది. బ్రేక్ వదిలాక స్టీరింగ్ తిప్పు, మలుపు అవతల రోడ్డు కనబడ్డాక యాక్సిలరేటర్ ఇవ్వు. ఒక్క మలుపులో ఇది చేతికి అలవాటైతే మిగతావి చాలా తొందరగా వచ్చేస్తాయి.

ఇక బాణం. ఈ రకం గేమ్‌లకి దారి వేసింది సెగా కంపెనీ క్రేజీ టాక్సీ. 1999లో ఆర్కేడ్ మెషీన్లలో వచ్చింది, మరుసటి ఏడాది ఇళ్లలో ఆడుకునే డ్రీమ్‌కాస్ట్‌లోకి వచ్చింది. ఎత్తుపల్లాల శాన్‌ఫ్రాన్సిస్కోని చూసి కట్టిన ఊరు అది, ఒక పక్క కొండవాలు రోడ్లు, ఒక పక్క సముద్రం, మన వైజాగ్ వాళ్లకి చూడగానే నచ్చేస్తుంది. దాంట్లో మ్యాప్ ఇవ్వలేదు, పైన ఒక ఆకుపచ్చ బాణం మాత్రం ఉంటుంది. నువ్వు ఆడే గేమ్‌లోనూ అలాంటి బాణమే అయితే ఒక సంగతి తెలుసుకో, అది దింపాల్సిన చోటు ఏ దిక్కున ఉందో చెబుతుంది, ఏ సందులో దూరితే తొందరగా చేరతావో చెప్పదు. నువ్వు జగదాంబ దగ్గర ఉన్నావు, కైలాసగిరి వెళ్లాలి అనుకో, బాణం ఈశాన్యం చూపిస్తుంది. సిరిపురం మీదుగా పోవాలా, కిందకి దిగి బీచ్ రోడ్డు పట్టుకోవాలా అన్నది ఊరు తెలిసినవాడే తేల్చుకోవాలి. మీ రూమ్‌లో ముగ్గురికీ డబుల్ స్కోరు వస్తోందంటే వాళ్ల చేతులు నీకంటే గొప్పవని కాదు, ఆ ఊరు వాళ్లకి నోటికొచ్చి ఉంటుంది.

మరి ఊరిని నేర్చుకోవడం ఎలా? ఇందులో లండన్ టాక్సీ డ్రైవర్లని మించిన గురువులు లేరు. అక్కడ నల్ల టాక్సీ నడపాలంటే 'నాలెడ్జ్' అనే పరీక్ష పాసవ్వాలి, 1865 నుంచీ ఉంది. లండన్ నడిబొడ్డున ఉన్న చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల మేర దాదాపు 25,000 వీధులు, పుస్తకంలో ఇచ్చిన 320 రూట్లు, అన్నీ జీపీఎస్ లేకుండా బుర్రలోంచి చెప్పాలి. మామూలుగా మూడు నాలుగేళ్లు పడుతుంది. ఈ డ్రైవర్ల మెదడుని స్కాన్ చేసి చూస్తే, దారుల్ని గుర్తుపెట్టుకోవడంలో పని చేసే హిప్పోక్యాంపస్ వెనక భాగం మామూలు వాళ్లకంటే పెద్దదిగా ఉందని 2000లో లండన్ పరిశోధకులు ప్రకటించారు. మనకి పనికొచ్చేది వాళ్లు చదివే తీరు. ఒక రూట్ తీసుకుని దాని రెండు చివరలా పావు మైలు చుట్టుపక్కల ఉన్న ముఖ్యమైన చోట్లన్నీ తిరిగి చూస్తారు. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని 'ఇక్కడ ఎడమకి, అక్కడ సర్కిల్ దాటి తిన్నగా, ఫలానా వీధిలో కుడికి' అని పైకే అప్పజెబుతారు, పక్కన ఇంకొకరు మ్యాప్ పట్టుకుని తప్పులు దిద్దుతారు.

నువ్వూ అదే చెయ్యి, మీ రూమ్‌లో అప్పజెప్పించుకోవడానికి మనుషులు కూడా ఉన్నారు. ముందు మన ఊరితో మొదలుపెట్టు, ఎలాగో తెలిసిందే కాబట్టి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి ఆర్కే బీచ్‌కి కళ్లు మూసుకుని చెప్పు: ఆశీల్‌మెట్ట, సిరిపురం, అక్కణ్నుంచి పాండురంగపురం డౌన్ దిగి బీచ్ రోడ్డు. ఎక్కడ ఎత్తు ఎక్కుతావు, ఎక్కడ దిగుతావు, ఏ జంక్షన్ దగ్గర ఏ లేన్‌లో ఉండాలి, అన్నీ పైకి చెప్పు. ఇప్పుడు గేమ్‌లోని ఊరికి ఇదే పని చెయ్యి. ఊరంతా ఒకేసారి పెట్టుకోవద్దు. మొదలయ్యే చోటి చుట్టూ ఉన్న నాలుగైదు స్టాపులు తీసుకుని, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఖాళీ బండితో, గడువు లేని మోడ్ ఉంటే ఆ మోడ్‌లో, మెల్లగా తిరుగు. ఆ ముక్క బాణం చూడకుండా వచ్చాకే పక్క పేటకి వెళ్లు.

కిరాయిల ఎంపిక కూడా ఒక విద్యే. క్రేజీ టాక్సీలో ప్యాసింజర్ గుర్తు రంగుని బట్టి దూరం తెలిసిపోతుంది, ఎరుపు దగ్గర, ఆకుపచ్చ దూరం. చాలా గేమ్‌లు ఎక్కించుకునే ముందు ఏదో ఒక రూపంలో ఈ సంగతి చెబుతాయి. కొత్తవాళ్లు దూరం బేరానికి ఆశపడి, తెలియని పేటలో దారి తప్పి, కిరాయీ పోగొట్టుకుంటారు టైమూ పోగొట్టుకుంటారు. నీకు తెలిసిన ముక్కలోపలే తిరిగే చిన్న బేరాలు పట్టు, దింపిన చోట వెంటనే ఇంకొకళ్లు ఎక్కేలా చూసుకో, ఖాళీగా తిరిగే టైమ్ తగ్గితే చాలు స్కోరు పైకి వస్తుంది. ఊరు పెరిగేకొద్దీ పెద్ద బేరాలకి వెళ్లొచ్చు. ఇంకోటి, ఒకే రాత్రి తెల్లార్లూ కూర్చుంటే రాదు. రోజూ కాసేపు ఆడి నిద్రపో, చేతులతో నేర్చుకునే పనులు నిద్రలో కుదురుకుంటాయి, పొద్దున్నే తేడా నీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను వైజాగ్‌లో ఏళ్ల తరబడి టాక్సీ నడుపుతున్నాను. మా అబ్బాయి లాప్‌టాప్‌లో టాక్సీ గేమ్ పెట్టి 'నాన్నా, ఒక కిరాయి కొట్టు చూద్దాం' అన్నాడు. ఒక్క జంక్షన్ కూడా సరిగ్గా దాటలేకపోయాను. చేతిలో విద్య ఉండి ఇలా ఎందుకవుతోంది?
– టాక్సీ డ్రైవర్, కంచరపాలెం

మీ ప్రశ్న చదివి నాకు చాలా సంతోషమేసిందండీ, మీ విద్యకి వచ్చిన లోటేమీ లేదు. మీరు నిజం బండిని కళ్లతో మాత్రమే నడపరు. బ్రేక్ వేస్తే ఒళ్లు ముందుకి తూగుతుంది, మలుపులో పక్కకి లాగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, గుంతలో టైరు పడితే సీటుకి తెలుస్తుంది. వేగం ఎంతుందో మీటరు చూడకుండా మీరు చెప్పగలిగేది వీటివల్లే. గేమ్‌లో ఇవేవీ రావు. పైగా నిజం స్టీరింగ్ కొంచెం తిప్పితే కొంచెం తిరుగుతుంది, కీబోర్డులో బాణం మీటకి నొక్కడం, వదలడం తప్ప మధ్యలో ఏమీ లేదు, నొక్కి పట్టుకుంటే స్టీరింగ్ చివరిదాకా కోసేసినట్టే. అందుకే దాన్ని నొక్కి పట్టుకోకుండా టక్ టక్‌మని చిన్న చిన్నగా తట్టాలి.

రెండో ఇబ్బంది, గేమ్‌లోని ఊరు అమెరికాదో యూరప్‌దో అయితే, బ్రిటన్ లాంటి కొన్ని చోట్లు తప్ప, బండ్లు కుడి పక్కన నడుస్తాయి. మనకి ఎడమ మలుపు ఇరుకు, కుడి మలుపు ఎదురు ట్రాఫిక్‌ని దాటి వెడల్పుగా తీసుకోవాలి. అక్కడ పూర్తిగా తిరగేసి ఉంటుంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర సర్కిల్ చుట్టూ మనం గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్తాం, అక్కడ దానికి ఎదురు వైపు తిరగాలి. ఇన్నేళ్ల అలవాటు కాబట్టి మీ చెయ్యి దానంతటదే మన పద్ధతికి పోతుంది, జంక్షన్‌లో ఎదురొచ్చే బండిని గుద్దడం దానివల్లే. ప్రతి మలుపుకి ముందు 'కుడి పక్కన ఉండాలి' అని పైకే అనుకోండి, కొన్నాళ్లకి కుదురుతుంది. గేమ్ ఆడిన వెంటనే నిజం బండి ఎక్కేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం ఆగి ఎక్కండి.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడండి. ఒంటికి తెలియనిదాన్ని కొంత చెవి భర్తీ చేస్తుంది, టైరు కీచుమన్న శబ్దం, ఇంజిన్ గొంతు మారడం మీకు వెంటనే పట్టుబడతాయి. కెమెరాని బండి వెనక నుంచి చూసే వైపు మార్చుకోండి, లాప్‌టాప్ చిన్న తెరలో డ్రైవర్ సీటు నుంచి చూస్తే పక్కలు కనబడవు. ఇక మీ అబ్బాయి దగ్గర లేనిది, మీ దగ్గర మాత్రమే ఉన్నది ఒకటుంది: ఆగి ఉన్న బస్సు పక్క నుంచి మనిషి వస్తాడని, ఇండికేటర్ వేయకపోయినా ముందు బండి టైరు తిరిగిన తీరుని బట్టి అది ఎటు కోస్తుందో మీకు ముందే తెలుస్తుంది. టైమ్ తరుముకొచ్చే గేమ్‌లకంటే ట్రాఫిక్ రూల్స్ పాటిస్తూ నడపాల్సిన సిమ్యులేటర్లలో ఇది బాగా పనికొస్తుంది. 2024లో వచ్చిన టాక్సీ లైఫ్ అలాంటిదే, బార్సిలోనా ఊళ్లో నడుస్తుంది. ఒకసారి అది పెట్టమనండి.

ప్రశ్న: కుడి మలుపుల్లో హ్యాండ్‌బ్రేక్ బాగా పడుతోంది, ఎడమ మలుపుల్లో పడట్లేదు. గేమ్‌లో బగ్గా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మధురవాడ

చాలావరకు కీబోర్డు సమస్యే. మీటలన్నిటికీ విడివిడిగా తీగలుండవు, అడ్డం వరసలు, నిలువు వరసలుగా అల్లి ఉంటాయి. మామూలు ధర కీబోర్డుల్లో కొన్ని మూడు మీటలు కలిపి నొక్కితే మూడోది కంప్యూటర్‌కి చేరదు. పై బాణం, ఎడమ బాణం, స్పేస్ బార్ అనే మూడూ ఈ విషయంలో బాగా పేరుపడ్డ జట్టు. నోట్‌ప్యాడ్ తెరిచి పై బాణం, ఎడమ బాణం రెండూ నొక్కి పట్టుకుని స్పేస్ కొట్టండి, ఖాళీ పడకపోతే దొంగ దొరికినట్టే. సెట్టింగ్స్‌లో బండి నడిపే మీటల్ని డబ్ల్యూ, ఏ, ఎస్, డీకి మార్చండి, లేదా బాణాలు అలాగే ఉంచి హ్యాండ్‌బ్రేక్‌ని షిఫ్ట్ మీటకి ఇవ్వండి. షిఫ్ట్ పెట్టుకుంటే విండోస్‌లో స్టిక్కీ కీస్ ఆపేయడం మర్చిపోవద్దు, షిఫ్ట్‌ని వరసగా అయిదుసార్లు నొక్కగానే మంచి మలుపు మధ్యలో దాన్ని ఆన్ చేయాలా అని అడిగే పెట్టె వచ్చి అడ్డం కూర్చుంటుంది.

ప్రశ్న: మా బాబుకి 15 ఏళ్లు. టాక్సీ గేమ్ బాగా ఆడతాడు. ఇప్పుడు 'నాకు డ్రైవింగ్ వచ్చేసింది, బీచ్ రోడ్డులో మన కారు ఒక్కసారి నడుపుతా' అని రోజూ గొడవ. గేమ్‌లో కొత్త టాక్సీ కొనాలి, డబ్బులివ్వమని కూడా అడుగుతున్నాడు. గేమ్ మాన్పించేయాలా?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

గేమ్ మాన్పించక్కర్లేదమ్మా, కారు తాళాలు మాత్రం ఇవ్వొద్దు, ఒక్క రౌండు కూడా వద్దు. మన దేశంలో కారు లైసెన్సుకి 18 ఏళ్లు నిండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకి గానీ బండి యజమానికి గానీ మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఈ ఆఖరి మాట బాబుకి చదివి వినిపించండి, డ్రైవింగ్ మీద అంత ఇష్టమున్న పిల్లవాడికి అన్నిటికంటే అదే గట్టిగా తగులుతుంది. గేమ్ నుంచి వాడికి దారి చూసే చూపు, ముందే బ్రేక్ వేయాలన్న ఆలోచన వస్తాయి, అవి మంచివే. క్లచ్ ఎక్కడ వదలాలో, ఎత్తు మీద ఆగిన బండి వెనక్కి పోకుండా ఎలా కదపాలో ఆ మీటలు నేర్పవు, అద్దంలో చూసుకోవడం నేర్పవు, గుద్దితే ఎదుటి మనిషికి ఏమవుతుందో అసలే నేర్పవు. బయటికి వెళ్లేటప్పుడు వాణ్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోన్‌లో మ్యాప్ చూడకుండా దారి చెప్పమనండి. మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా ఇసుకతోట, వెంకోజీపాలెం, హనుమంతవాక, ఎండాడ, ఏ జంక్షన్ తర్వాత ఏది వస్తుందో, ముందుగా ఏ లేన్‌లోకి మారాలో వాడే చెప్పాలి. అలాంటి పిల్లలు దీన్ని చాలా ఇష్టంగా చేస్తారు.

డబ్బు సంగతి. బండి రంగుకో కొత్త టాక్సీకో గేమ్‌లో కొనడం ఒకటి, డబ్బు కట్టి ఆడితే గెలిచినవాడికి డబ్బొస్తుందనేది వేరొకటి. రెండోది 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కింద నిషేధం, టాక్సీ గేమ్ అన్న పేరుతో అలాంటిది ఏదైనా కనబడితే ఆలోచించకుండా తీసేయండి. మొదటిదానికి ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టి, ఆ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఈ గేమ్‌లు చాలావాటిలో ఆడి సంపాదించిన నాణేలతోనే కొత్త బండి కొనుక్కోవచ్చు, కష్టపడి కొనుక్కుంటేనే వాడికి ఆ బండి మీద ప్రేమ ఎక్కువుంటుంది.

ప్రశ్న: మల్టీప్లేయర్‌లో పక్క బండి ఉన్నట్టుండి మాయమై నా ముందు ప్రత్యక్షమవుతోంది. కావాలనే గుద్దుతున్నారా?
– పాఠకుడు, పెందుర్తి

కావాలని గుద్దేవాళ్లు లేకపోలేదు, కానీ మీరు చెప్పింది నెట్ ఆలస్యం. గేమ్‌లో 'పింగ్' అని మిల్లీ సెకన్లలో అంకె కనబడుతుంది కదా, మీ సమాచారం గేమ్ నడిపే కంప్యూటర్‌కి (సర్వర్‌కి) వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం అది, 150 ఉందనుకోండి, 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆ కాస్త సేపట్లోనే మూడు మీటర్లు దాటి ముందుకెళ్లిపోతుంది. అంటే మీ తెర మీద కనబడే బండి కాసేపటి క్రితంది, గేమ్ ఊహించి బొమ్మ వేస్తుంది, ఊహ తప్పితే బండిని లాక్కొచ్చి అసలు చోట పెడుతుంది. కాబట్టి పింగ్ ఎక్కువున్న రోజు ఎవరి వెనకా ఆనుకుని వెళ్లొద్దు, బండికి బండి జాగా వదలండి. సర్వర్ ఎంచుకునే వీలుంటే దగ్గర్లో ఉన్నదే ఎంచుకోండి. వైఫై బదులు రూటర్ నుంచి కేబుల్ లాగితే ఇంకా మంచిది, కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మారి రూటర్ ఉన్న గదిలోనే ఆడండి. ఇంట్లో ఎవరైనా పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టారేమో కూడా చూడండి.

ప్రశ్న: కంప్యూటర్ లేదు. ఫోన్‌లో ఆడి నేర్చుకోవచ్చా?
– ఇంటర్ విద్యార్థిని, భీమిలి

నిక్షేపంగా నేర్చుకోవచ్చమ్మా. ఫోన్‌ని అటూ ఇటూ వంచి తిప్పే పద్ధతి మొదట్లో సరదాగా ఉంటుంది గానీ బస్సులో, మంచం మీద కుదరదు, చెయ్యి తొందరగా నొప్పెడుతుంది. తెర మీద స్టీరింగ్ చక్రం బొమ్మ ఉండే పద్ధతి తీసుకో, బాణాల కంటే దాంతో కొంచెం కొంచెం తిప్పడం సులువు. బ్రేక్ బొమ్మని నీ బొటనవేలు తేలిగ్గా అందుకునే చోటికి జరుపుకునే వీలు చాలా గేమ్‌ల కంట్రోల్స్‌లో ఉంటుంది. ఆడే ముందు నోటిఫికేషన్లు ఆపేసి, బ్యాటరీ సేవర్ తీసెయ్యి, అది ఆన్‌లో ఉంటే ఫోన్ స్లో అయి బ్రేక్ ఆలస్యంగా పడుతుంది.